ఇథనాల్ లాభం ఎవరికి, భారం ఎవరికి?

ఇథనాల్ గిరాకీతో మొక్కజొన్న రైతు బాగుపడ్డాడన్న మాట నిజమే, కానీ అది సగం నిజమే. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తయారీపై కేంద్రం ఆంక్షలు పెట్టగానే డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. మొక్కజొన్న ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతులకు దిగింది. దెబ్బ మొదట తగిలింది కోళ్ల రైతులకు. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే మరి.

రెండో దెబ్బ ఎవరూ ఊహించని చోట, సోయా రైతులకు తగిలింది. టన్ను మొక్కజొన్న గింజల నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పిండిపదార్థం పులిశాక మిగిలిన పిప్పిని ఆరబెడితే మాంసకృత్తులున్న మేత అవుతుంది. అది చౌకగా రావడంతో సోయా చెక్కను అడిగేవారు తగ్గారు. 2024లో సోయా మద్దతు ధర క్వింటాలుకు రూ.4,892 ఉన్నా, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ రైతులు అంతకన్నా తక్కువకే అమ్ముకోవడానికి ఇదీ ఒక కారణం. ఈ నష్టాన్ని లెక్కలో చేర్చకపోవడం అన్యాయం.

తిండిగింజలతో పోటీపడని దారి వరిగడ్డి. ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసే లక్ష్యంతో పానిపట్‌లో 2022 ఆగస్టులో కర్మాగారం ప్రారంభమైంది. అక్కడ తగలబెట్టే గడ్డికి ధర పలకడం మంచిదే. తెలుగు జిల్లాల్లో మాత్రం అదే గడ్డి పాడి పశువుల మేత. కర్మాగారాలు కొనడం మొదలైతే మేత ఖర్చు పెరిగేది పాడి రైతుకే.