మాట రాని పిల్లల చూపుకు విలువ ఇవ్వాలి

ఉద్దానంలో ఏ ఇంట్లోనైనా పిల్లలు రోజూ వినే ప్రశ్న "ఏటి కావాల్రా?" అన్నదే. మాట వచ్చిన పిల్లవాడు జవాబు చెబుతాడు. సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యంతో నోట మాట రాక, చేయి స్వాధీనంలో లేక మంచానికి పరిమితమైన పిల్లవాడిని మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. తినే ముద్ద, తొడిగే చొక్కా, కూర్చోబెట్టే చోటు అన్నీ పెద్దలే నిర్ణయిస్తారు. ప్రేమ కొద్దీ చేసే పనే అది. కాని పదేళ్ళు అలా గడిచాక, తనకు ఏది కావాలో తెలియజెప్పవచ్చునన్న సంగతే ఆ పిల్లవాడికి తెలియకుండా పోతుంది. అక్షరాలు తర్వాత నేర్పవచ్చు. ముందు నేర్పవలసింది ఎంచుకోవడం. చేతులు, నోరు సహకరించని చాలామంది పిల్లలకు కళ్ళు సహకరిస్తాయి.

కంటిచూపుతో నడిచే కంప్యూటర్లు వచ్చి చాలా కాలమైంది. తెర కింద అమర్చిన పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతిని ప్రసరింపజేస్తుంది. కంటిమీద ఆ కాంతి మెరుపు ఎక్కడ వున్నదీ, కంటిపాప మధ్యభాగం ఎక్కడ వున్నదీ కెమెరా గమనిస్తుంది. వాటినిబట్టి చూపు తెరపై ఏ బొమ్మ మీద వున్నదో లెక్క తేలుతుంది. చూపు అక్కడ కొద్ది క్షణాలు నిలిస్తే వేలితో నొక్కినట్టే. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చెన్నైలోని విద్యాసాగర్ సంస్థ విద్యార్థులతో కలిసి ఈ రంగంలో కృషి చేశారు. మాట, కదలిక లేని ఆ విద్యార్థులు చూపుతోనే యంత్రపు చేతిని నడిపి వస్తువును ఒకచోట నుంచి మరోచోట పెట్టించగలిగారు. చెన్నైలో సాధ్యమైనది పలాస, టెక్కలి పిల్లలకు అసాధ్యం కానక్కరలేదు.

చూపు వేరు, కోరిక వేరు

అయితే యంత్రం తెచ్చి ముందు పెట్టినంత మాత్రాన పని జరగదు. చూసినదల్లా కోరినట్టు కాదు. మెరిసేదాన్ని, కదిలేదాన్ని, కొత్తదాన్ని ఎవరైనా చూస్తారు. కొందరు పిల్లలకు తల ఒక పక్కకే తిరుగుతుంది, చూపూ అటే పోతుంది. కాబట్టి అభ్యాసం మెట్టుమెట్టుగా సాగాలి. మొదట తన చూపు పడితే తెరమీద ఏదో జరుగుతుందని పిల్లవాడు గ్రహించాలి. తర్వాత రెండు బొమ్మలు: కొబ్బరిబొండం ఒకటి, పనసతొన ఒకటి. చూసినది వెంటనే నోటికి అందించాలి. అప్పుడే చూపుకు ఫలితం వున్నదని తెలుస్తుంది. తర్వాత బొమ్మల స్థానాలు మార్చి మళ్ళీ అడగాలి. రెండోసారీ చూపు పనసతొన వెంటే పోతే అది కోరిక అనుకోవచ్చు. ఎప్పుడూ ఎడమవైపే పోతే కాదు.

"రెండూ వద్దు" అనడానికి కూడా ఒక గుర్తు వుండాలి. కాదనే వీలు లేనిచోట ఎంపిక అనే మాటకు అర్థం లేదు. అన్నిటికన్నా కష్టమైనది ఆగడం. ప్రశ్న అడిగి మనసులో పది లెక్కపెట్టేదాకా ఊరుకోవడం పెద్దలకు చేతకాదు, తామే జవాబు చెప్పేస్తారు. ఇది పరీక్ష కాదు, అభ్యాసం. పిల్లవాడు చేదుదాన్ని ఎంచుకుంటే చేదే పెట్టాలి. మరునాడు వేరేది ఎంచుకోవడం అలాగే వస్తుంది.

ఉద్దానంలో అవసరం

ఈ ప్రాంతంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం వుంది. పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసేవారిలో ఎక్కువమంది మహిళలు. తల్లి పనికి పోతే పిల్లవాడిని అమ్మమ్మో, పొరుగింటివారో చూస్తారు. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ వ్యాధి వల్ల చాలా ఇళ్ళలో ఆ పెద్దదిక్కే డయాలసిస్‌కు తిరగవలసి వస్తున్నది. పిల్లవాడి మూలుగులో ఆకలేదో నొప్పేదో తెలిసిన ఒక్క మనిషి ఇంట లేని రోజున వాడి గతి ఏమిటి? "దాహం", "నొప్పి", "పక్కకు తిప్పు" అన్న మూడు మాటలు చూపుతో చెప్పగలిగితే ఎవరి చేతిలో వున్నా బతుకుతాడు.

ఖర్చు సంగతి నిజమే. ప్రత్యేక పరికరాలు పేద కుటుంబానికి అందే ధరలో లేవు. 2017లో విండోస్ కంప్యూటర్లలోను, 2024లో ఐప్యాడ్‌లలోను చూపుతో నడిపే సదుపాయం చేరింది. అయితే తల నిలపలేని పిల్లలకు మామూలు కెమెరా గురి చాలకపోవచ్చు. ఎండ నేరుగా పడే వరండాలో పరారుణ పరికరం తడబడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక ఈ పల్లెలు పడిన బాధ ఎవరూ మరువలేదు.

అందుకే మొదటి అడుగు కరెంటు అక్కరలేనిదై వుండాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ పలక మధ్యలో రంధ్రం చేసి, మూలల్లో బొమ్మలు అంటించి, పిల్లవాడికి ఎదురుగా పట్టుకొని చూస్తే చూపు ఎటు పోతున్నదీ తెలిసిపోతుంది. ఖర్చు స్వల్పం. దానిమీద ఆరితేరిన పిల్లలకు యంత్రం ఇస్తే వృథా కాదు.

చట్టం అండగా వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాటకు ప్రత్యామ్నాయ మార్గాలను బడుల్లో ప్రోత్సహించాలని చెప్పింది. విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటివద్దే చదువుకునే హక్కు ఇచ్చింది. రాష్ట్రంలో తీవ్ర వైకల్యం గలవారి పింఛను 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయలైంది. ఆ డబ్బు కడుపు నింపుతుంది గాని కోరిక చెప్పించదు.

కాబట్టి సమగ్ర శిక్ష అధికారులు మూడు పనులు చేయాలి. భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులకు చూపుపలక వాడకంలో శిక్షణ ఇప్పించాలి. పలాస, టెక్కలి డివిజన్లకు ఒక్కొక్క యంత్రం సమకూర్చి, ఊరూరా తిప్పే ఏర్పాటు చేయాలి. ఇంటికి వెళ్ళే ఉపాధ్యాయులు తల్లికీ, పొరుగింటివారికీ ఈ పద్ధతి నేర్పాలి. యంత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం కొనకపోవడమే మేలు.

ఇళ్ళవాళ్ళు అధికారుల కోసం ఆగనక్కరలేదు. ఈ పూట రెండు గిన్నెలు పట్టుకొని, ఏది కావాలో అడిగి, పిల్లవాడు చూసేదాకా ఆగితే చాలు.