దొంగలు ఇచ్చిన వంద రూపాయలు

2023 జూన్ నెలలో మన ఢిల్లీలో ఒక వింత దొంగతనం జరిగింది. షాహ్‌దరా ప్రాంతంలోని ఫర్ష్ బజార్‌లో ఒక రాత్రి ఇద్దరు యువకులు స్కూటర్ మీద వచ్చి, నడిచి వెళ్తున్న ఒక జంటను అడ్డగించారు. వెతికితే వాళ్ల దగ్గర ఉన్నది 20 రూపాయలే. దొంగలకే జాలి వేసిందో ఏమో, ఎదురు 100 రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఇదంతా సీసీ కెమెరాలో పడింది. ఆ వీడియో దేశమంతా తిరిగింది. దోచుకోవడానికి వచ్చి దానం చేసిపోయిన ఆ ఇద్దరూ రాత్రికి రాత్రే హీరోలైపోయారు. దొంగలైనా మనసున్నవాళ్లని ఎంతోమంది మెచ్చుకున్నారు.

ఆ వీడియో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వితే తప్పు లేదు. మెచ్చుకోవడం దగ్గరే మా అభ్యంతరం.

తర్వాత సంగతి వీడియోలో లేదు. పోలీసులు దాదాపు 200 కెమెరాల దృశ్యాలు పరిశీలించి ఇద్దరినీ పట్టుకున్నారు. ఆ సమయంలో వాళ్లు తాగి ఉన్నారని చెప్పారు. వాళ్ల దగ్గర 30 మొబైల్ ఫోన్లు దొరికాయి. ఇద్దరు మనుషులకు 30 ఫోన్లు ఎక్కడివి? ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఫోన్ పోతే ఏం పోతుందో మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మనం బడిని, వీధిని, స్నేహితులను వదిలి వస్తాం. విశాఖలో కలిసి చదివిన స్నేహితురాలి నంబరు, సికింద్రాబాద్ క్వార్టర్స్‌లో తీసుకున్న ఫోటోలు, అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. కొత్త ఫోన్ కొనుక్కోవచ్చు. అవన్నీ ఏ దుకాణంలో దొరుకుతాయి? ఆ 30 ఫోన్లు పోగొట్టుకున్నవాళ్ల వీడియో ఏదీ మనం చూడలేదు. అందుకే వాళ్లు మనకు గుర్తు రారు.

మంచి దొంగ కథలంటే మనకు మొదటినుంచీ ఇష్టమే. ఢిల్లీలో పేరుమోసిన దొంగ బంటీ జీవితం ప్రేరణగా 2008లో ‘ఓయ్ లక్కీ! లక్కీ ఓయ్!’ అనే హిందీ సినిమా వచ్చింది. 2010లో అతన్ని బిగ్ బాస్‌లోకి కూడా పిలిచారు. 2013లో తిరువనంతపురంలో జరిగిన ఒక దొంగతనం కేసులో అతను మళ్లీ పట్టుబడ్డాడు. చప్పట్లు కొట్టినంత మాత్రాన దొంగ మారిపోడని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొందరు, “కోట్లు మింగినవాళ్లకంటే వీళ్లు నయం కదా” అంటారు. కోట్లు మింగినవాళ్లదీ తప్పే. అంతమాత్రాన దారిలో నిలబెట్టి జేబులు వెతకడం ఒప్పు అయిపోదు. ఆ జంట చోట మన అమ్మానాన్నలను ఊహించుకుని చూడండి. రాత్రిపూట ముక్కూమొహం తెలియనివాళ్లు అడ్డగిస్తే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుంది! ఆ భయానికి వంద రూపాయలు ఖరీదు కడదామా?

హీరోలే కావాలంటే మన మెట్రో ఎక్కితే చాలు. ప్రయాణికులు తనిఖీ దగ్గర మరచిపోయిన సంచులను, పర్సులను సీఐఎస్‌ఎఫ్ జవాన్లు జాగ్రత్తచేసి సొంతదారులకు అప్పగిస్తుంటారు. అందులో ఎంత డబ్బున్నా తమది కాదనే లెక్క. ఇవి ఎప్పుడో ఒకసారి చిన్న వార్తగా వస్తాయి, అంతే. ఆ జవాన్లకూ మన అమ్మానాన్నల్లాగే బదిలీలు ఉంటాయి. వాళ్ల పిల్లలు మన పక్క బెంచీలోనే కూర్చుని ఉండవచ్చు.

ఈసారి ఎవరైనా ఆ వంద రూపాయల వీడియో చూపిస్తే నవ్వండి. నవ్వాక, ఆ 30 ఫోన్ల సంగతి కూడా చెప్పండి.