అచ్చుకెక్కని నవ్వులు

నవరసాలను వరుసగా చెప్పమంటే ఏ విద్యార్థి అయినా శృంగారం తరువాత హాస్యమనే చెబుతాడు. శృంగారం నుండియే హాస్యం పుట్టినదని భరతముని వాక్కు. లెక్కలో రెండవ పీట వేసినాము గాని, పంక్తిలో దానికి ఎప్పుడూ చివరి విస్తరే. ఒక మహాకవిని పిల్లలకు పరిచయం చేయునప్పుడు అతని భక్తిని, కరుణను, పాండిత్యాన్ని గంటసేపు వర్ణిస్తాము. నవ్వించిన ఘట్టం వచ్చేసరికి ‘ఆయనకు హాస్యప్రియత్వం కూడ కలదు’ అని ఒక్క ముక్కతో దాటవేస్తాము. ఆ ‘కూడ’ అన్న మాట మీదనే నాకు అభ్యంతరం.

ఈ చిన్నచూపు పండితులకే పరిమితమనుకుంటే పొరపాటు. స్రష్టలకే తమ నవ్వు మీద నమ్మకం చాలదు. లోకమంతటా పేరు మోసిన బీటిల్స్ గాయకబృందం 1967 మే నెలలో ఒక వింతపాటకు శ్రీకారం చుట్టినది. టెలిఫోను డైరెక్టరీ మీది ఒక వాక్యం జాన్ లెనన్ కంట పడడమే దానికి బీజం. ‘యు నో మై నేమ్, లుక్ అప్ ది నంబర్’ అనే ఆ పాటలో పేరుకు మించిన సాహిత్యం లేదనవచ్చును. జూన్‌లో రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన బ్రయన్ జోన్స్ వచ్చి శాక్సఫోను వాయించి పోయినాడు. పిమ్మట ఆ టేపు అటకెక్కినది. దాదాపు రెండేండ్లకు, 1969 ఏప్రిల్ 30న, లెననూ పాల్ మెకార్ట్నీ దానిని దింపి గాత్రం చేర్చినారు. విలాసమందిరాలలో పాడే గాయకుని ఒయ్యారం ఒకచోట, పండ్లూడిన వృద్ధుని గొణుగుడు ఒకచోట. మన పగటివేషగాండ్లు చూస్తే తమవారే అనుకొందురు. పాట వెలువడినది 1970 మార్చిలో. అదియును ‘లెట్ ఇట్ బి’ అనే గంభీరగీతపు రికార్డుకు వెనుకవైపున! బ్రయన్ జోన్స్ అంతకు మునుపే, 1969 జూలైలో, కన్నుమూసినాడు.

తమ పాటలలో తనకు మిక్కిలి ఇష్టమైన వాటిలో ఇది ఒకటని మెకార్ట్నీ తరువాత చెప్పుకొన్నాడు. ఇష్టమైనదానిని మూడేండ్లు దాచనేల? అదే బృందం 1968 ఆగస్టులో రికార్డు చేసిన మరొక తమాషా పాట ‘వాట్స్ ది న్యూ మేరీ జేన్’ 1996 వరకు అధికారికంగా వెలుగు చూడనే లేదు. పాట బాగుండకపోవడం వల్లనే దాచినారని వాదించేవారు ఉండవచ్చును. నాకు తోచే కారణం వేరు. కీర్తి పెరిగిన కొలది మనిషికి తన మొగం మీది గాంభీర్యమే ఆస్తి అవుతుంది. నలుగురిలో నవ్వించి ఆ ఆస్తిని కరగించుకోవడానికి గుండెధైర్యం కావలెను.

మన శ్రీనాథుని సంగతి చూడండి. శృంగారనైషధం మామిడి సింగనకు, హరవిలాసం అవచి తిప్పయసెట్టికి, కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితమైనవి. ఆనాటికి అచ్చుయంత్రం లేదు. కృతిభర్త దొరకడం, సభలో వినిపించడం, ఇవే గ్రంథానికి విడుదల. మరి పలనాటి జొన్నకూడు మీద, నీటి ఎద్దడి మీద కవిసార్వభౌముడు విసుగుతో విసిరిన చాటువులను ఏ రాజు అంకితం పుచ్చుకొంటాడు? కనకాభిషేకం పొందిన కవి మంచినీటికి మొగం వాచిన కథను ఏ సభ సన్మానిస్తుంది? అవి కృతులలోనికి ఎక్కలేదు. జనుల నాలుకల మీద బ్రతికినవి. ఒకరి నుండి ఒకరికి పాకి పాకి, కడకు వేటూరి ప్రభాకరశాస్త్రిగారి ‘చాటుపద్యమణిమంజరి’లో ఒక గూటికి చేరినవి. వాటిలో శ్రీనాథుని పేరున చెలామణి అయ్యేవన్నీ ఆయనవి కావు. ఊరూరి అల్లరికవులు తమ కొంటెతనాన్ని ఆయన ఖాతాలో వ్రాసి తప్పించుకొన్నారు. అది నాకు లోపంగా తోచదు. నవ్వడానికి సైతం ఒక పెద్దమనిషి పూచీ కావలసి వచ్చినదన్న మాట!

దీనికి సరిగా ఎదురుగా నిలిచేది తాళ్లపాకవారి కథ. అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించినాడని మనుమడు చిన్నన్న చెప్పినాడు. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచినారు. ఇంతకు మించిన భద్రత ఏమి కావలెను? అయినను ఆ భాండాగారం శతాబ్దుల పాటు మరుగున పడినది. 1922 ప్రాంతంలో పండితుల దృష్టి దానిపై పడిన పిదపనే అందులోని సంపద మనకు చేరసాగినది. రాగిరేకు మీది పాట మౌనంగా ఉన్నన్నాళ్లూ ఏ ఆధారమూ లేని చాటువు అరుగుల మీద ఆడుతూ పాడుతూనే ఉన్నది. నవ్వు తెప్పించేదానిని జనం మరచిపోరు. మరచినా సగం మరచి, తక్కిన సగం తామే కల్పిస్తారు.

అట్లని దాచిన ప్రతి హాస్యగీతాన్నీ బయటికి తీయవలెనని నేననను. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుని కోసం మాధవపెద్ది సత్యం పాడిన ‘వివాహ భోజనంబు’ను ఎరుగని తెలుగువాడు లేడు. ఆ నవ్వుల బాణీకి పోలిక 1922 నాటి చార్లెస్ పెన్‌రోజ్ ఆంగ్లగీతం ‘లాఫింగ్ పోలీస్‌మన్’లో వినబడుతుంది. దానికి పూర్వరూపం జార్జి జాన్సన్ అనే అమెరికా నల్లజాతి గాయకుని ‘లాఫింగ్ సాంగ్’. 1890 దశకంలో రికార్డులకు విరివిగా నకళ్లు తీసే సాధనం లేదు. కాబట్టి ఆయన అదే పాటను, అదే నవ్వును రోజుకు ఎన్నో మార్లు మరల మరల పాడవలసి వచ్చేది. ఆ పాటలో ఎగతాళికి గురియైనది ఆయన జాతియే. కూలి కోసం తన్ను తాను పరిహసించుకొన్న ఆ నవ్వు ఏడు సముద్రాలు దాటి, మన తెరమీద గారెలు బూరెల మధ్య రాక్షసుని అట్టహాసంగా మారేసరికి విషం కడిగివేసుకొన్నది. మన చాటువులలోను కులాన్ని, అంగవైకల్యాన్ని, ఆడుదాని దేహాన్ని ఆడిపోసుకొన్నవి కొన్ని లేకపోలేదు. అవి పరిశోధకుల బీరువాలో ఉండవలసినవే గాని, ఎనిమిదవ తరగతి పలక మీదికి రావలసినవి కావు. తన పస్తును చూసి తాను నవ్విన శ్రీనాథునికీ, ఎదుటివాని పస్తును చూసి నవ్వినవానికీ భేదం చెప్పగల ఉపాధ్యాయుడు అలంకారశాస్త్రంలో సగం చెప్పినట్లే.

మా శాంతిపురం ప్రాంతంలో పిల్లలకు ఈ విద్య పుట్టుకతోనే అబ్బుతుంది. బడిలో తెలుగు, సంతలో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. మూడు భాషలనూ ఒకే పద్యంలో ముడివేసి నవ్వడం వీరికి నీళ్లు త్రాగినంత సుళువు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారి పేరు వినని కుర్రవాడు సైతం పేరడీ కట్టగలడు. అయితే అవన్నీ నోటుబుక్కు చివరి పుటలలోనే. మొదటి పుట సారుగారిది, చివరి పుట తనది!

ఈ మధ్య అట్టి చివరి పుట ఒకటి నా కంట పడినది. కుప్పం బస్సు మీద ఒక సీసపద్యం. గణాలు తప్పలేదు, యతి తప్పలేదు. ఈ కుర్రవాడే పరీక్షలో సీసపద్య లక్షణానికి అరమార్కు తెచ్చుకొన్నవాడు. కళాశాల సంచికలో వేయిస్తానంటే హడలిపోయినాడు. ‘వద్దు సార్, పెద్దవాళ్లు చదువుతారు’ అన్నాడు. పెద్దవాళ్లు చదువని సంచిక ఎందుకని నేను పట్టుపట్టినాను. రెండు రోజులు ఆలోచించి వచ్చి, పేరు లేకుండ వేయడానికి ఒప్పుకొన్నాడు. ఒక్కటే షరతు. తమిళం కలిసిన మూడవ పాదాన్ని తీసివేయవలెనట. అందులో సీటు కోసం కండక్టరుతో పోట్లాడే ముసలమ్మ తన అమ్మమ్మేనట, చదివి వినిపిస్తే నొచ్చుకుంటుందట. నా ఎరుకలో పద్యం మొత్తానికి ఆ పాదమే మిన్న. ముందు అమ్మమ్మకే వినిపించి రమ్మని పంపినాను. సంచిక ఇంకను అచ్చుకు పోలేదు.