సైన్యం ఎవరి ఆజ్ఞకు? ఎవరికి జవాబుదారీ?

రాజ్యాంగం 53వ అధికరణం సాయుధ దళాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి అప్పగించింది. దానిని చట్టం ప్రకారమే వినియోగించాలని అదే అధికరణం నిర్దేశించింది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు, మంత్రిమండలి లోక్‌సభకు బద్ధులు.

ఈ కట్టుబాటు విలువ ఉత్తర తెలంగాణ ముస్లింలకు వేరే చెప్పనక్కరలేదు. 1948 సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించేనాటికి రాజ్యాంగం ఇంకా అమలులోకి రాలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ఆ సంస్థానపు జిల్లాలే. ఐదు రోజుల్లో యుద్ధం ముగిసింది; హత్యాకాండ ముగియలేదు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటి శిక్ష నిరాయుధులైన సామాన్య ముస్లింలపై పడిందన్నదీ అంతే నిజం. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది; కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలో పాల్గొన్నారని తెలిపింది. ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్ అత్యధికంగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో ఒకటి. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రజలకు అందనివ్వలేదు.

ఇది ఒక్క మతానికి చెందిన ప్రశ్న కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు ఆ చట్టం భారం మోసినవారు రైతుకూలీలు.

సైన్యం పౌర పాలనకు తోడుగా నిలవాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదని 1997లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు ఆచరణలో నిలవాలంటే, అంతర్గత కల్లోలాల్లో సైన్యాన్ని దింపిన ప్రతిసారీ కారణాలను, ఫలితాలను నిర్ణీత గడువులో పార్లమెంటు ముందుంచాలి. విచారణ నివేదికలను దాచే వీలుండరాదు. న్యాయం చేయలేకపోయిన రాజ్యం కనీసం నిజమైనా చెప్పాలి.