గంటే కదా!

"గంటే కదా!" అనే మాట ఎవరు కనిపెట్టారోగానీ, వాళ్ళు జన్మలో ఒక్కసారైనా ఇల్లు సర్ది, తాళం వేసి ప్రయాణం కట్టి ఉండరు.

గన్నవరం నుంచి విశాఖ నౌకాదళం వారి విమానాశ్రయానికి ఆకాశంలో గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. విజయవాడ నుంచి రైలు పట్టాల మీద 350. విమానం వాళ్ళు గంట అంటారు. అబద్ధమేం కాదు. అయితే ఆ గంట విమానానిది, నాది కాదు. అది ఇక్కడ చోటు కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా వాళ్ళ లెక్క. నేను కాపరముండేది రన్‌వే మీద కాదు కదండీ!

మా ఇంటి నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు. రామవరప్పాడు రింగు దగ్గర ఇరుక్కుని బయటపడేసరికి ముప్పావుగంట. బయలుదేరడానికి గంట ముందే సామాను కౌంటరు మూసేస్తారు గనక గంటన్నర ముందు అక్కడుండాలి. అమ్మకని కట్టిన ఆవకాయ చేతిసంచిలో రానివ్వరు. పెట్టెలో పెట్టి వాళ్ళకి అప్పగించి, అవతల ఆ పెట్టె కోసం బెల్టు దగ్గర అరగంట పడిగాపులు. ఆపైన టాక్సీలో మరో ముప్పావుగంట. ఎంతయింది? నాలుగున్నర గంటలు! వందేభారత్ రైలూ ఇంచుమించు అంతసేపట్లోనే దింపుతుంది, అదీ ఊరి నడిబొడ్డున.

నేరుగా విమానం లేని రోజుల్లో ఇంకా చోద్యం. ఈశాన్యాన ఉన్న విశాఖకి పడమటి దిక్కున ఉన్న శంషాబాదు మీదుగా వెళ్ళాలి. 290కి బదులు 770 పైచిలుకు కిలోమీటర్లు!

2023లో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయమైతే విశాఖకి 40 కిలోమీటర్ల పైమాటే. అక్కడ దిగేవాళ్ళకి ఆ దూరమూ కలుస్తుంది. కాగితం మీద మాత్రం గంట గంటగానే ఉంటుంది.

విమానాల మీద నాకేం కోపం లేదు. ఆ గంట పట్టుకుని ఆడపిల్లల బాధ్యత కొలిచేవాళ్ళ మీదే. విశాఖలో అమ్మ బాత్‌రూములో జారిపడ్డప్పుడు డాలస్ నుంచి మా తమ్ముడు ఫోను చేసి, "నీకేం అక్కా, గంటలో వాలిపోతావు. నాకైతే రెండు రోజులు" అన్నాడు. అంతే! ఆనాటి నుంచి అమ్మ కంటి డాక్టరు, బాంకు సంతకాలు, పనిమనిషి నాగాలు అన్నీ ఆ గంట ఖాతాలోకే వచ్చిపడ్డాయి. గంట దూరంలో ఉన్నదానికి నడుంనొప్పి ఉండదు, టిక్కెట్టు ఖర్చుండదు, సగంలో ఆగిన నవల అసలే ఉండదు. బయలుదేరే ముందు మావారికి రెండు రోజుల పులుసు కాచి, అత్తగారి మాత్రలు పూటపూటకీ విడదీసి, పాలవాడికి చెప్పే పనిని ఏ టైంటేబుల్లోనూ అచ్చువెయ్యరు. (మావారికి పులుసు వేడిచేసుకోవడం వచ్చు. కాచుకోవడమే రాదట.)

రెండు రోజుల ప్రయాణం చేసి వచ్చేవాడు రెండేళ్ళకోసారి వస్తాడు. గంట ప్రయాణం దాన్ని నేను నెలకి రెండుసార్లు వెళ్తున్నాను. ఏడాదికి 24 సార్లు, రానూ పోనూ. ఎవరి దూరం ఎక్కువో ఎక్కాలు వచ్చిన పిల్లాడైనా చెప్తాడు.

తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు. ముందు మా ఇంటికి రమ్మన్నాను. ఇక్కణ్ణించి అమ్మ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్తాం. మా గేటు నుంచి అమ్మ గేటుదాకా గడియారం వాడే చూస్తాడు, ఆవకాయ పెట్టె కూడా వాడే మోస్తాడు.