మందు వికటిస్తే మన మాటే రాయాలి

చోడవరం, మాడుగుల, చీడికాడ, రావికమతం, బుచ్చెయ్యపేట ప్రజలకు విన్నపం.

పోయిన నెల మా వీధిలో ఒక తల్లికి ఫిట్స్ మాత్రలు రాశారు. మూడు వారాలు తిరక్కుండానే నోరంతా పుండ్లు పడ్డాయి. కళ్ళు ఎర్రబారి రెప్పలు అంటుకుపోయాయి. వీపు మీద తోలు పక్కబట్టకు అంటుకుని ఊడొచ్చింది. "బాబూ, ఒళ్ళు కాలిపోతోంది, తోలు ఒలిచేసినట్టుంది" అని ఆమె ఏడుస్తుంటే ఆసుపత్రి వరండా అంతా విన్నది. అదృష్టం, బతికింది. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాగితంలో మాత్రం రెండే ముక్కలు: డ్రగ్ ఎలర్జీ. ఏ మందో లేదు. వాడిన ఎన్నో రోజున మొదలైందో లేదు. తోలు ఊడిన సంగతి అసలే లేదు. కొడుకు ఖాళీ స్ట్రిప్పు దాచాడు కాబట్టి అది కార్బమజెపిన్ అని తెలిసింది. దాచకపోతే? రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు అదే మందును ఇంకో కంపెనీ పేరుతో రాస్తే అడ్డుపడేదెవరు?

"ఇంజక్షన్ వికటించి మృతి" అని పేపర్లో చదువుతూనే ఉన్నాం. బంధువులు ఆసుపత్రి ముందు కూర్చుంటారు, ఎస్సై వస్తాడు, పెద్దమనుషులు దిగుతారు, సాయంత్రానికి రాజీ. ఏ ఇంజక్షను, ఏ బ్యాచి, ఎక్కించిన ఎంతసేపటికి ఊపిరాడలేదు అన్నది ఎవరూ రాయరు. డబ్బు చేతులు మారుతుంది, శవం ఇంటికి పోతుంది, మిగతా బ్యాచి మందుల షాపు అరల్లోనే ఉండిపోతుంది.

జర్మనీ సంగతి చూడండి. 1957 అక్టోబరులో అక్కడ కాంటెర్‌గాన్ అనే నిద్రమాత్ర వచ్చింది. అసలు పేరు థాలిడోమైడ్. గర్భిణులు వాంతులకు కూడా మింగారు. చేతులూ కాళ్ళూ ఎదగని పిల్లలు పుట్టారు, ప్రపంచమంతా కలిపి పదివేలకు పైనే. హాంబర్గు పిల్లల డాక్టరు విదుకింద్ లెంజ్ ఆ తల్లుల్నే అడిగాడు, ఏ మందు మింగారమ్మా అని. వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. 1961 నవంబరులో పేపర్లో వార్త పడిన మర్నాడు కంపెనీ మందును వెనక్కి తీసుకుంది. తల్లులు చెప్పిన మాట కాగితం మీదికెక్కింది కాబట్టే ఆ మందు ఆగింది. ఆ దెబ్బతోనే 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ఫిర్యాదులు ఒకచోట చేర్చే ఏర్పాటు చేసింది. ఈవేళ అవి స్వీడన్‌లోని ఉప్సాలాలో పోగవుతున్నాయి.

ఇప్పుడు జర్మనీలో ఒక ముసలాయనకు మందు పడకపోతే ఆయన జర్మన్‌లో చెప్పిన మాటను యథాతథంగా రాయడానికి మందుల ఫిర్యాదులకు వాడే అంతర్జాతీయ నమూనాలోనే ఒక గడి ఉంది. అది ఏ భాషో రాయడానికి ఇంకో గడి, ఇంగ్లీషు అనువాదానికి మరో గడి. ఆ అనువాదంలో మాట తప్పకూడదు. జర్మన్‌లో ష్వేర్ అంటే బాధ ఎక్కువగా ఉందని. ష్వేర్‌వీగెండ్ అంటే ప్రాణం మీదికి రావడమో, ఆసుపత్రిలో చేర్చాల్సి రావడమో, అవిటితనమో. తట్టుకోలేని తలనొప్పి మొదటిది. నొప్పి లేకుండానే మూర్ఛపోయి ఆసుపత్రిలో చేరితే రెండోది. రెండో రకమైతే కంపెనీ 15 రోజుల్లో అధికారులకు కబురు పంపి తీరాలి. మొదటి రకం మాత్రమే అయితే 90 రోజుల గడువు. అనువాదం చేసేవాళ్ళు ఒకదానికి ఇంకోటి రాస్తే గడువే తారుమారవుతుంది. అందుకని అక్కడ ఒక్కో మాటకూ కాపలా కాస్తారు. ఆ పని చేస్తున్నవాళ్ళలో ఉన్నదెవరు? హైదరాబాదు ఆఫీసుల్లో కూర్చున్న మన ఫార్మసీ పిల్లలు!

పరవాడ ఫార్మాసిటీ మనకెంత దూరం? అక్కడి సరుకు సముద్రాలు దాటుతుంది. ఆ మందు మింగిన విదేశీ రోగి తుమ్మినా మన పిల్లలు ఇంగ్లీషులో రాసి పంపుతారు. ఆ ఫ్యాక్టరీల పొగ పీల్చే మన మనిషికి మందు వికటించి తోలు ఊడిపోతే రాసే దిక్కు లేదు. ఇది సిగ్గుచేటు. ఇంత తెలివి, ఇంత చదువు, ఇన్ని కంప్యూటర్లు మన దగ్గర పెట్టుకుని మన రోగిని మూగవాణ్ణి చేసి కూర్చోబెట్టడం అన్యాయం.

పాడేరు ఏజెన్సీ వైపు చూడండి. వైవాక్స్ రకం మలేరియాకు ప్రిమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఆ మాత్రతో ఎర్రకణాలు పగిలి మూత్రం నల్లబడుతుంది. "ఒంటేలు డికాషన్‌లా పోతోంది" అని ఒక గిరిజనుడు అంటే ఆ మాటే ప్రమాద ఘంటిక. దాన్ని నీరసం అని రాసేస్తే మనిషి పోతాడు.

డాక్టర్లకు తీరిక లేదంటారు. నాలుగు లైన్లకు తీరికెంత కావాలి? రోగులు గోరంతలు కొండంతలు చేస్తారంటారు. తేల్చే పని నిపుణులది, ముందు రాయండి. రుజువు కావాలంటారు. అక్కర్లేదు, అనుమానం చాలు. డాక్టర్లు నింపే ఫిర్యాదు ఫారం పేరులోనే ఆ మాట ఉంది.

మందులు వికటించిన ఫిర్యాదులు నమోదు చేసే కార్యక్రమాన్ని కేంద్రం 2010లోనే మొదలుపెట్టింది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో నమోదు కేంద్రం ఉంది. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. మరి చోడవరంలో ఎన్ని మందుల షాపుల్లో అది కనబడింది?

కాబట్టి మేం అడిగేది ఇది. డిశ్చార్జి కాగితంలో అనుమానమున్న మందు అసలు పేరు, మొదలుపెట్టిన తేదీ, బాధ మొదలైన తేదీ రాయాలి. రోగి అన్న మాట తెలుగులోనే రాయాలి, ఇంగ్లీషు దాని పక్కన. ఆంధ్ర మెడికల్ కాలేజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం, తెలుగు-సంస్కృత అకాడమీ కలిసి కూర్చుని దద్దుర్లు, దడ, తిమ్మిర్లు, కళ్ళు తిరగడం, వేడి చేయడం లాంటి మాటల్లో దేనికి ఇంగ్లీషులో ఏది రాయాలో ఖాయం చేయాలి. బాధ ఎక్కువైనా, ఆసుపత్రి పాలైనా ఇప్పుడు రెంటికీ తీవ్రమనే రాసేస్తున్నారు. బాధ ఎక్కువైతే తీవ్రం, ఆసుపత్రి పాలైతే ప్రమాదం అని విడగొట్టాలి. ఆశా కార్యకర్తలకూ ఏఎన్ఎంలకూ ఆ ఫారం ఇవ్వాలి.

అంతవరకూ ఖాళీ స్ట్రిప్పు పారేయకండి. బ్యాచి నంబరున్న అంచు చింపకండి. పనిదినాల్లో ఆ కార్యక్రమం నంబరు 1800-180-3024కి ఫోను చేయండి, డబ్బు పడదు. తెలుగులోనే చెప్పండి. అర్థం కాలేదంటే తెలుగు వచ్చిన మనిషికి ఇవ్వమని అడగండి, ఇచ్చేదాకా ఫోను పెట్టేయకండి.