వెనక్కి పడే మనిషి పక్షాన

మళ్లీ మళ్లీ వెనక్కి పడిపోయే మనిషికి “వయసు మీద పడింది” అన్న జవాబు ఇక చెల్లదని ప్రకటిస్తున్నాం. ఎముకల డాక్టరు, చెవి డాక్టరు, కళ్లద్దాల దుకాణం అంటూ తిరిగే ఏళ్లకు తెరపడాలి. ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ, అంటే పీఎస్‌పీ, ఎలా ఉంటుందో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ 1964లోనే లోకానికి వివరించారు. ఆ పేరు వేళకు పలకడమే మిగిలింది.

1. పడటాన్ని సాక్ష్యంగా స్వీకరిస్తాం. ఈ జబ్బులో తూలి పడటం తొలి ఏళ్లలోనే మొదలవుతుంది. చూపు కిందికి దిగదు. కంచం, మెట్టు అందవు. పార్కిన్సన్స్ అనుకుని లెవోడోపా ఇస్తే చాలామందిలో పెద్దగా గుణం కనిపించదు.

2. బొమ్మను కొలిచి చదవాలి. మెదడును నిలువునా నడిమికి చీల్చినట్టు చూపే ఎంఆర్‌ఐ చిత్రంలో మధ్యమెదడు చిక్కిపోయి, దాని కింది పాన్స్ నిండుగా ఉంటే ఆ రూపాన్ని రేడియాలజిస్టులు హమ్మింగ్‌బర్డ్ అంటారు. పేరు ముచ్చటగానే ఉంది గానీ, కంటి అంచనా ఒక్కటే చాలంటే ఒప్పుకోం. ఆ రెండు భాగాల వైశాల్యాలనూ, చిన్నమెదడును వాటితో కలిపే కాడల మందాన్నీ జోడించి లెక్కగట్టే సూచిక 2008 నుంచీ ఉంది. తీసిన స్కాన్‌లోంచే వచ్చే అంకెలివి. కొత్త యంత్రం అక్కర్లేదు, రిపోర్టులో మరో రెండు వాక్యాల ఓపిక కావాలి.

3. బొమ్మకు తీర్పరి పీట వేయం. తొలిదశలో స్కాన్ మామూలుగానే ఉండొచ్చు. 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు కూడా చూపు, నిలకడ, కదలిక, ఆలోచన తీరులనే ముందు నిలిపి, చిత్రాన్ని ఊతంగా ఉంచాయి. యంత్రాన్నే దైవంగా కొలిచేవారు మాతో రాకపోయినా సరే.

4. నయం చేసే మందు లేనప్పుడు పేరెందుకని అడుగుతారు. పేరు తెలిసిన ఇల్లు మింగడంలో వచ్చే ఇబ్బందికి ముందే సిద్ధమవుతుంది. పోట్లాటల్లో సగం జబ్బువేనని గ్రహిస్తుంది. ఈ జబ్బులో మెదడులో పేరుకునే టౌ ప్రోటీన్‌పై వచ్చే మందుల పరీక్షలకూ సరైన మనుషులు సరైన వేళకు దొరకాలి.

5. మేము కోరే రేపట్లో స్కాన్ చీటీ మీద “వెనక్కి పడుతున్నారు” అని రాసి ఉంటుంది. రిపోర్టులో మధ్యమెదడు కొలత ఉంటుంది. దాని అర్థం ఇంటివాళ్లకు తెలుగులో చెప్పే మనిషి ఉంటారు.

మీరు న్యూరాలజిస్టైనా, స్కానింగ్ టెక్నీషియనైనా, నాన్న చేయి పట్టుకుని నడిపిస్తున్న కూతురైనా ఈ పనిలో భాగస్వాములే. బీరువాలోని పాత ఫిల్ములు పారేయకండి. వచ్చేసారి తీసిన బొమ్మ పక్కన వాటిని పెట్టి చూడమని అడగండి.